పాటిమన్నులో ఫార్సీ అక్షరం

కృష్ణా డెల్టాలో ఎక్కడైనా చెరువు పూడిక తీస్తున్నప్పుడో, పాత మిద్దె పడగొడుతున్నప్పుడో నాలుగు నాణేలు బయటపడితే మాకు కబురొస్తుంది. మేము పురావస్తు శాఖవాళ్ళం కాము. నాణేల వ్యాపారులం అంతకన్నా కాము. ఉర్దూ చదవడం వచ్చిన తెలుగు విలేకరులం, అంతే. ఉర్దూ వచ్చినవాడికి నాణెం మీది ఫార్సీ కూడా వస్తుందని ఊళ్ళల్లో ఒక నమ్మకం. ఆ నమ్మకంలో సగమే నిజం. మిగతా సగం మేము ఏళ్ళ తరబడి కేటలాగులు ముందేసుకుని కూడబలుక్కుని నేర్చుకున్నాం. కబురు మాత్రం ఎప్పుడూ ఒకే మాటల్లో వస్తుంది. "సాయిబుల రూపాయలు దొరికాయి. మీవాళ్ళవే గదా, వచ్చి చదివిపెట్టండి."

ఈ 'మీవాళ్ళు' అన్న మాట దగ్గర మేము ప్రతిసారీ ఒక్క క్షణం ఆగిపోతాం.

కొన్నేళ్ళ క్రితం దివిసీమ వైపు ఒక ఊళ్ళో చేపల చెరువు తవ్వుతుంటే ప్రొక్లెయినరు పంటికి ఒక కుండ తగిలింది. మేము వెళ్ళేసరికి కుండ పెంకులు గట్టు మీదున్నాయి, రూపాయలు రెవెన్యూవాళ్ళ గుడ్డసంచిలో ఉన్నాయి. పంచనామా రాస్తున్న గుమాస్తా పక్కన మమ్మల్ని చాప మీద కూచోబెట్టి ఒక్కొక్కటీ చేతికిచ్చారు. నల్లబడ్డ వెండి. ఎవరో చింతపండు తెస్తామన్నారు, వద్దన్నాం. తోమితే మురికితో పాటు అక్షరం కూడా పోతుంది. వెలుతురుకి ఏటవాలుగా పెట్టి చదివాం. ఒకవైపు ఆలంగీర్ బాద్షా పేరు. రెండోవైపు జర్బ్ ఆర్కాట్, అంటే ఆర్కాటు టంకశాలలో ముద్రించినదని. ఏది తీసినా హిజ్రీ 1172. ఏది తీసినా పాలనా సంవత్సరం 6. అంచు పొడవునా మరతో తీసిన సన్నటి గీతలు.

"ఇవి నవాబులవి కావండీ. కంపెనీవాళ్ళవి, ఇంగ్లీషువాళ్ళవి" అన్నాం.

గుమాస్తా నవ్వి, "ఫార్సీ కనిపిస్తూనే ఉంది గదండీ" అన్నాడు.

మర్నాడు ఒక పత్రిక జిల్లా పేజీలో 'తురుష్కుల నిధి' అని వచ్చింది. దండయాత్రల్లో కొల్లగొట్టిన సొమ్మును ఇక్కడ పాతిపెట్టి ఉంటారని గ్రామస్తులు భావిస్తున్నారని కింద రాశారు. రోజంతా ఆ గట్టు మీద కూచున్న మాకు అలా భావించిన గ్రామస్తుడు ఒక్కడూ తగల్లేదు. వాళ్ళ భయమంతా చెరువు పని ఎన్నాళ్ళు ఆపేస్తారో అని. 'గ్రామస్తులు భావిస్తున్నారు' అన్న వాక్యం ఎక్కడ పుడుతుందో మాకు తెలుసు. డెస్కులో పుడుతుంది. మేమూ రాశాం అలాంటివి, వేరే విషయాల మీద.

కాబట్టి ఆ రూపాయి సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

రెండో ఆలంగీర్ ఢిల్లీ గద్దె మీద 1754 నుంచి 1759 దాకా ఉన్నాడు. పేరుకే పాదుషా. సొంత వజీరు చేతిలోనే హత్యకు గురయ్యాడు. హిజ్రీ 1172 అంటే మన లెక్కలో 1758-59, ఆయన ఆఖరి రోజులు. అయితే ఆయన పేరుతో, అదే సంవత్సరంతో, అదే ఆరో పాలనా సంవత్సరంతో ఈస్టిండియా కంపెనీ మద్రాసు టంకశాల 1807 తర్వాత కూడా మరల మీద రూపాయలు కొడుతూనే ఉంది. 1835లో దేశమంతటికీ ఒకే రూపాయి వచ్చేవరకూ ఈ ఆర్కాటు రూపాయి నడిచింది. చనిపోయి యాభై ఏళ్ళు దాటిన మనిషి పేరు మీద, ఆయన మతం కానివాళ్ళు, ఆయన భాష మాట్లాడనివాళ్ళు, ఏడు సముద్రాల అవతలివాళ్ళు అచ్చు వేసిన నాణెం అది. ఎందుకు వేశారంటే జనం ఆ ముద్రనే నమ్మేవారు. షరాబు ఆ అక్షరాలనే గుర్తుపట్టేవాడు. తేదీ మార్చితే పాతబడిన రూపాయికి వట్టం కోస్తాడు గనక తేదీనే బిగించేశారు. ఫార్సీ అక్షరం అప్పుడు మతం గుర్తు కాదు, మార్కెట్టు గుర్తు.

మచిలీపట్నంలోనూ ఇదే కథ. 1687లో గోల్కొండ పడిపోయాక మొగలుల టంకశాల ఒకటి బందరులో నడిచింది. నాణెం మీద 'మఛ్లీపటన్' అని ఉంటుంది. 1750లో ఊరు ఫ్రెంచివాళ్ళ చేతికి వచ్చింది. వాళ్ళూ మొగలు పాదుషా పేరుతోనే రూపాయలు కొట్టారు. 1759లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకున్నారు. ఊరు చేతులు మారింది గాని రూపాయి మీది లిపి మారలేదు. బందరు పొలాల్లో దొరికిన మఛ్లీపటన్ రూపాయిని చూసి అది మొగలుదా, ఫ్రెంచివాడిదా అని తేల్చడానికి పండితులే తల పట్టుకుంటారు. ఊళ్ళో మాత్రం ఒక్క చూపులో తేలిపోతుంది, సాయిబులదని.

తిరగేసి చూస్తే ఇంకో వింత. గోల్కొండ సుల్తానులు రాగి ఫలూస్‌లు తమ పేర్లతో వేసుకున్నారు. అబ్దుల్లా కుతుబ్ షా రాగి నాణెం మీద హిజ్రీ 1068 కింద, మేలుతో సౌభాగ్యంతో ముగిసింది అనే అర్థం వచ్చే అరబ్బీ మాటలుంటాయి. కాని పెద్ద లెక్కలు, వజ్రాల బేరాలు, శిస్తు వసూళ్ళు, బందరు రేవు సుంకాలు ఇవన్నీ బంగారు హొన్నుల్లో జరిగాయి. ఆ హొన్ను విజయనగర కాలపు వరహా వంశంలోది, దేవతా మూర్తుల ముద్రలది. కలిమా చదివే సుల్తాను ఖజానాలో దేవుళ్ళ బొమ్మలున్న బంగారం కుప్పలు పడి ఉండేది, ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. హైదర్ అలీ శివపార్వతులున్న వరహాలు కొనసాగించాడు. పాఠ్యపుస్తకాల్లో విగ్రహ విధ్వంసానికి మారుపేరుగా చదువుకున్న ఘోరీ ముహమ్మద్ లక్ష్మీదేవి కూచున్న బంగారు నాణెం మీద నాగరి లిపిలో తన పేరు వేసుకున్నాడు. వీళ్ళందరూ ఉదారులని మేము చెప్పడం లేదు. రాజులు రాజులే. రైతు వీపు మీద కొరడా ఏ లిపిలో ఉంటే ఏం? మేము చెప్పేది ఒక్కటే. నాణెం మీది బొమ్మను పట్టుకుని మట్టికి మతం అంటగట్టడం కుదరదు.

1807-08 ప్రాంతంలో మద్రాసు టంకశాల వేసిన వెండి పావు వరహాను ఒక సేకర్త దగ్గర చేతిలోకి తీసుకుని చూశాం. ఒకవైపు గోపురం, చుట్టూ చుక్కలు, ఇంగ్లీషులోనూ ఫార్సీలోనూ విలువ. రెండోవైపు విష్ణుమూర్తి, చుట్టూ అరవం, తెలుగు. బొటనవేలి గోరంత జాగాలో నాలుగు భాషలు. దాన్ని ఎవరివాళ్ళదని రాస్తారో ఆ జిల్లా పేజీవాళ్ళను అడగాలనిపించింది.

అసలు నాణెం దాకా ఎందుకు? నాణేల గురించి మన రైతు మాట్లాడే మాటలు చూడండి. నగదు, బాకీ, వసూలు, జమ, ఖర్చు, ఖజానా, రసీదు, వాయిదా. ఇవన్నీ అరబ్బీ ఫార్సీల నుంచి వచ్చి తెలుగు నోట్లో నాని తెలుగైపోయినవి. 'రైతు' అన్న మాటే రయ్యత్ నుంచి వచ్చింది. భూమి కాగితాల్లో ఫసలీ సంవత్సరం రాసుకుంటూనే వచ్చాం. మచిలీపట్నంలో కంపెనీ కొట్టిన రాగి నాణేన్ని ఇంగ్లీషువాళ్ళు 'డబ్' అన్నారు. అది మన డబ్బే. ఈ మాటలు తవ్వి తీయడానికి యంత్రం అక్కర్లేదు. పేట పేర్లు కూడా అంతే. కొండపల్లి సర్కారు కాగితాల్లో ముస్తఫానగర్, గుంటూరు సర్కారు ముర్తజానగర్. బెజవాడ పాతబస్తీలో పంజా సెంటరు దగ్గర బస్సు దిగే లక్ష మందిలో ఆ పంజా పీర్ల చెయ్యి గుర్తని ఎంతమందికి తెలుసో గాని, పేరు మాత్రం అందరి నోట్లోనూ ఉంది. పైకి తేలి ఉన్నదాన్ని ఎవరూ నిధి అనరు.

ఇక తవ్వకం సంగతి. మన డెల్టాలో నాణేలు వెతకడం కొత్తగా యంత్రాలతో వచ్చిన సరదా కాదు. గుడివాడ, ఘంటసాల, భట్టిప్రోలు లాంటి పాత ఊళ్ళకు పాటిదిబ్బలుంటాయి. వందల ఏళ్ళు మనుషులు కాపురాలుండి, బూడిద, పేడ, ఎముకలు, పెంకులు పోసిపోసి ఎత్తయిన దిబ్బలు. ఆ మట్టిలో సత్తువ ఎక్కువ. రైతులు తరతరాలుగా పాటిమన్ను బండ్ల మీద తోలి పొలాలకు ఎరువుగా వేసుకున్నారు. దానితో పాటు శాతవాహనుల సీసపు నాణేలు, పూసలు, పెంకులు పొలాలన్నిటికీ చేరాయి. తొలకరి వాన పడ్డ మర్నాడు మట్టి కడుక్కుపోయి తళుక్కుమన్నదల్లా పిల్లలు ఏరుకునేవారు. మా చిన్నతనంలో మేమూ ఏరాం. చందర్లపాడు మండలం గుడిమెట్లలో వానల తర్వాత జనం వజ్రాల కోసం నేల చూసుకుంటూ నడుస్తారు గదా, అలాగే. రంగు పూస దొరికితే జేబులో వేసుకునేవాళ్ళం. సీసపు బిళ్ళ దొరికితే విసిరేసేవాళ్ళం. ఎంత చరిత్ర అలా విసిరేశామో తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, బాధా వేస్తుంది.

నిజానికి ఈ జిల్లాల్లో అన్నిటికన్నా పెద్ద విధ్వంసం ఏ దండయాత్రలోనూ జరగలేదు. 18వ శతాబ్దం చివరలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అమరావతిలో కొత్త పట్నం కట్టించుకుంటూ రాళ్ళ కోసం, ఇటుకల కోసం దీపాలదిన్నెను తవ్వించారు. 1798లో కాలిన్ మెకంజీ వచ్చి చూసేనాటికే మహాస్తూపం చెదిరిపోతోంది. 1816లో మళ్ళీ వచ్చి నమోదు చేశాడు. పలకలు చెరువు మెట్లకు పోయాయి, గుళ్ళకు పోయాయి. కొన్ని మసీదుకూ పోయాయి. మసీదుకు పోయినవాటి మీది శిల్పాలను గట్టిరాళ్ళతో అరగదీసి చదును చేశారని కూడా ఆయన రాశాడు. ఇది దాచాల్సిన పని లేదు. బౌద్ధుల రాయి ముందు మనమందరం ఒకటే అయిపోయాం. ఇక్కడ 'మనం' అని రాయడానికి మాకు సందేహం లేదు.

తెలుగులో మేము వేరు, మనం వేరు. ఉర్దూలో రెండిటికీ కలిపి హమ్ ఒక్కటే. ఇంట్లో హమ్ అని పెరిగి వీధిలోకి వచ్చాక, ఎక్కడ మేము అనాలో ఎక్కడ మనం అనాలో వాక్యం వాక్యానికీ తేల్చుకోవలసి రావడం మా బతుకు. రేవు కట్టినప్పుడు, అద్దకం అద్దినప్పుడు, పన్ను కట్టినప్పుడు మనం. నిధి దొరికినప్పుడు మాత్రం మీరు.

చట్టం ఏమంటుందో చాలామందికి తెలియదు. 1878 నాటి నిక్షేప నిధుల చట్టం ప్రకారం నేలలో దాగినది ఏదైనా పది రూపాయలకు మించిన విలువైతే దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజెయ్యాలి. తెలియజెయ్యకపోతే ఏడాది దాకా జైలు. సొంతదారు ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి మూడొంతులు, స్థలం యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తనకు కావాలనుకుంటే లోహం విలువ మీద అయిదో వంతు కలిపి ఇచ్చి తీసుకోవచ్చు. అంటే వెండి ధర, దాని మీద కాస్త. నాణేనికి చరిత్రగా ఉన్న విలువ ఈ లెక్కలోకి రానే రాదు. అందుకే చాలా కుండలు కలెక్టరు ఆఫీసుకు పోవు, కంసాలి మూసలోకి పోతాయి. పాదుషాలూ దేవుళ్ళూ ఆ మూసలో ఒకే రంగు అవుతారు. 1972 పురావస్తువుల చట్టం ఇంకొంత బిగించింది. 1958 చట్టం కింద రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వడం నేరం. ఇవన్నీ అవసరమే. కాని చట్టం అంటే పోలీసు జీపు అని మాత్రమే తెలిసిన రైతు నాణెం చూపించమంటే ఎందుకు చూపిస్తాడు?

ఇంగ్లండులో వేరే పద్ధతి పెట్టుకున్నారు. అక్కడ మెటల్ డిటెక్టరు పట్టుకుని ఆదివారం పొలాల్లో, అనుమతి దొరికిన చోట పార్కుల్లో తిరగడం ఒక వ్యాపకం. యంత్రం సంగతి పెద్ద చిదంబర రహస్యం కాదు. తీగచుట్టలో విద్యుత్తు పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. దగ్గర్లో లోహం ఉంటే ఆ క్షేత్రం చెదురుతుంది, చెవిలో కూత వినిపిస్తుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు ఒంట్లోని తుపాకి గుండు వెతకడానికి టెలిఫోను గ్రాహంబెల్ ఇలాంటిదే పట్టుకెళ్ళి దొరక్క తిరిగొచ్చాడు. రెండో ప్రపంచయుద్ధంలో మందుపాతరలు వెతకడానికి పనికొచ్చింది. తర్వాత సరదాకు దిగింది. 1996లో వాళ్ళు నిధుల చట్టం మార్చుకున్నారు. 1997లో మామూలు జనం తమకు దొరికినవి తెచ్చి నమోదు చేయించుకునే పథకం పెట్టారు. 2009లో స్టాఫర్డ్‌షైర్ పొలంలో యంత్రం పట్టుకున్న ఒక సామాన్యుడికి ఆంగ్లో శాక్సన్ కాలపు బంగారం కుప్పగా దొరికింది. అతను చెప్పాడు, దేశం కొనుక్కుంది, మ్యూజియంలో పెట్టుకుంది.

ఆ దేశాల నేలలోనూ మా అక్షరాలున్నాయి. స్వీడన్ గోట్లాండ్ దీవిలో స్పిల్లింగ్స్ అనే చోట 1999లో బయటపడ్డ వెండి నిధిలో 14 వేలకు పైగా నాణేలుంటే అత్యధికం అరబ్బీ దిర్హంలు. వైకింగులు వ్యాపారంలో తెచ్చుకున్నవి. దాన్ని అరబ్బుల నిధి అని ఎవరూ అనలేదు, వైకింగుల నిధి అన్నారు. ఎనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులోని మెర్సియా రాజు ఆఫా ఒక బంగారు నాణెం కొట్టించాడు. అబ్బాసీ ఖలీఫా దీనారుకు నకలు. చుట్టూ కలిమా, అరబ్బీ అక్షరాల మధ్యన తలకిందులుగా ఆఫా రెక్స్ అని తన పేరు. అచ్చు చెక్కినవాడికి ఆ అరబ్బీ అర్థమైనట్టు లేదు. బ్రిటిష్ మ్యూజియంలో ఉంది ఆ నాణెం. క్రైస్తవ రాజు కలిమా ముద్రించాడని అక్కడ ఎవరి తలా తెగిపడలేదు.

ఇక్కడ మెటల్ డిటెక్టరు అంటే మాకు పార్కు గుర్తు రాదు. 1992 డిసెంబరు గుర్తొస్తుంది. ఆ తర్వాత పండుగలకీ, సభలకీ, స్టేషన్లకీ మొలిచిన ఇనుప ద్వారబంధాలు గుర్తొస్తాయి. అందరూ దాటతారు, అందరికీ కూస్తుంది. తాళాలగుత్తికి కూస్తుంది, బెల్టుకి కూస్తుంది. గుడికి పోయేవాడికీ కూస్తుంది. కూతలో తేడా లేదు, కూసిన తర్వాత అడిగే ప్రశ్నలో ఉంది తేడా. ఒకసారి ఒక స్టేషన్లో మా జేబులో కూసింది ఒక రాగి ఫలూస్. నాణేల మీద వ్యాసం కోసం పట్టుకెళ్తున్నది. తీసి చూపించాం. కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేం రాత?" అన్నాడు. అరబ్బీ అన్నాం. పేరు అడిగాడు. చెప్పాం. పక్కకు నిలబడమన్నాడు. గుర్తింపు కార్డు చూశాక పంపించేశాడు, మర్యాదగానే. రైలు మాత్రం పోయింది. రాజీవ్ గాంధీ పార్కు గడ్డి మీద మాలాంటి పేరున్నవాడు నేల కేసి చూస్తూ కూతపెట్టే యంత్రం పట్టుకుని తిరుగుతున్నాడనుకోండి. అతను పాత నాణేలు వెతుకుతున్నాడని ఎంతమంది నమ్ముతారు?

మనకు నిధి అనగానే గుప్తనిధే. అమావాస్య, నిమ్మకాయలు, పసుపు ముద్ద, ఇప్పుడు వాటి పక్కన ఒక డిటెక్టరు. పాత కోటల్లో, గుళ్ళల్లో, దర్గాల్లో రాత్రిళ్ళు తవ్వి పట్టుబడ్డవాళ్ళ వార్తలు మేము రాసీ రాసీ విసిగిపోయాం. ప్రభుత్వాలు కూడా తక్కువ తినలేదు. 2013లో ఉన్నావ్ జిల్లాలో ఒక సాధువుకు కలొచ్చిందని పురావస్తు శాఖవాళ్ళే పలుగులు పట్టారు. వెయ్యి టన్నుల బంగారం అన్నారు. ఏమీ దొరకలేదు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో మన అధికారులే తవ్వకం మొదలుపెట్టారు. అక్కడా నిధి దొరకలేదు.

దర్గాలు తవ్వేవాళ్ళ తెలివికి మాత్రం మాకు జాలి కలుగుతుంది. మా సమాధిలో ఏముంటుంది? సుల్తానునైనా, దూదేకుల మనిషినైనా కుట్టు లేని తెల్లటి కఫన్ గుడ్డలో చుట్టి మట్టికి అప్పగించడమే పద్ధతి. ఉంగరం తీసేస్తారు. ముక్కుపుడక తీసేస్తారు. తాయెత్తు కూడా తీసేస్తారు. కూతపెట్టేది ఏదీ లోపల ఉండదు. ఏ యంత్రం పెట్టి వెతికినా నిశ్శబ్దమే. అయినా సాయిబుల గోరీలో బంగారం ఉంటుందన్న నమ్మకం పోదు. ఎందుకు పోదంటే, పంక్చర్ల షాపు దగ్గర కూచున్న సాయిబును రోజూ చూస్తూ కూడా మన సమాజం మనసులో ముస్లిం అంటే నవాబే. మా తాతలు తరాల తరబడి దూది ఏకారు, గిన్నెలకు కళాయి పోశారు, అత్తరు సీసాలు మోశారు. వాళ్ళ బొమ్మ ఎవరి ఊహలోనూ లేదు.

నేలలో బంగారం వెతుక్కున్న అసలు మనుషులు ఎవరో చెప్పాలి. 1901 మద్రాసు జనాభా లెక్కల నివేదికలో జలగడుగు అనే చిన్న తెలుగు కులం నమోదైంది. బంగారం పొడి కడగడం వాళ్ళ వృత్తి. కంసాలి అంగడి ఊడ్చిన దుమ్మునూ, మురుగు కాలవ బురదనూ పళ్ళెంలో పోసి నీళ్ళతో తిప్పి తిప్పి, అడుగున నిలిచిన రవ్వంత పసుపును ఏరుకునేవాళ్ళు. దక్కను, గుజరాతు వైపు అదే పని చేసే ముస్లిం కులం ఉంది. ధూల్‌ధోయా అంటారు, దుమ్ము కడిగేవాళ్ళని. ఉర్దూ నిఘంటువు తీస్తే నియారియా అనే మాట ఉంటుంది, అదీ ఇదే పని. నగల దుకాణాల ముందు తెల్లవారకముందే చీపురు, కుంచె, రేకు డబ్బాతో దుమ్ము ఎత్తుకునే ఆడవాళ్ళను బెజవాడలో మేము చూశాం. ఒకామెను అడిగితే, "దుమ్ముకి పేరేముందయ్యా, కడిగితే గాని తెలీదు" అంది. ఆమె పేరు మేము అడగలేదు.

కృష్ణమ్మ దగ్గర ఇంకో రకం వెతుకులాట. రైలు వంతెన మీదికి రాగానే కిటికీలోంచి రూపాయి విసిరి దణ్ణం పెట్టుకోవడం మనవాళ్ళ అలవాటు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూడా విసిరేవారు. ప్రయాణానికి ముందు చేతికి కట్టే ఇమామ్ జామిన్ గుడ్డలో ఒక నాణెం, నదికి ఒక నాణెం. హిందువుల ఇంట్లో ముడుపు గుడ్డ పసుపురంగు, మాది ఎక్కువగా ఆకుపచ్చ, లోపలిది మాత్రం అదే పావలా. నదిలో పడ్డ డబ్బుల కోసం లంక పిల్లలు తాడు చివర అయస్కాంతం కట్టి నీళ్ళల్లోకి వదులుతారు. 2016 పుష్కరాల తర్వాత ఘాట్ల దగ్గర వాళ్ళ సందడి చూశాం. ఇదే మన బీదవాళ్ళ మెటల్ డిటెక్టరు. దాని లోపం కూడా వాళ్ళకు తెలుసు. 1988 తర్వాత వచ్చిన ఉక్కు నాణేలు దానికి అంటుకుంటాయి. అంతకు ముందటి రాగినికెలు రూపాయి అంటదు, వెండి రూపాయి అసలే అంటదు. పాతవాటికి కాళ్ళతోనే వెతకాలని ఒక కుర్రాడు చెప్పాడు, ఇసకలో అరికాలు ఆడించి చూపిస్తూ.

అతని డబ్బాలో ఉక్కు బిళ్ళల మధ్య పూల అంచులాంటి అంచున్న ఒక పాత అణా ఉంది. అయిదో జార్జి బొమ్మ. వెనకవైపు ఒక అణా అని తెలుగులో ఉంది, ఉర్దూలో ఉంది, బెంగాలీలో, నాగరిలో ఉంది. స్వతంత్రం వచ్చాక, 1950 నుంచి వేసిన నాణేల మీద హిందీ, ఇంగ్లీషు మిగిలాయి. ఉర్దూ, తెలుగు రెండూ కలిసే దిగిపోయాయి. పరాయి దొర నాణెం మీద పక్కపక్కన కూచున్న రెండు భాషలకు సొంత నాణెం మీద చోటు లేకపోయింది. నోటు వెనక పట్టీలో మాత్రం రెండూ ఇంకా ఉన్నాయి, భూతద్దం పెట్టి చూడాలి. ఈ సంగతి మేము సభల్లో చెప్తే తెలుగు భాషాభిమానులు ఉలిక్కిపడతారు. ఉర్దూవాళ్ళు నిట్టూరుస్తారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మాత్రం అరుదు.

అణా మీద అక్షరాలు చదివి చెప్పి ఇచ్చేశాం. కుర్రాడు దాన్ని నోట్లో పెట్టుకుని తడిపి, చొక్కాకి తుడిచి వేరే జేబులో వేసుకున్నాడు.

ఆ దివిసీమ ఊరికి నిరుడు మళ్ళీ వెళ్ళాం. చెరువు పనికి ఏమీ అడ్డు రాలేదు, రొయ్యలు వేశారు. రూపాయల సంచి ఏమైందో ఎవరికీ పట్టలేదు. గట్టు మీద ఆ రోజు మా పక్కన కూచున్న పెద్ద రైతు ఇంటికి పిలిచారు. ఎనభై దాటిన మనిషి. 1977 ఉప్పెనలో ఇల్లు పోయింది, పెట్టె పోయింది, పెట్టెలో కాగితాలు పోయాయి. ఆ రోజు మెడలో ఉన్నది కాబట్టి వాళ్ళమ్మ తాడుకున్న వెండి రూపాయి ఒకటి మిగిలిందట. లక్ష్మీదేవి పటం ముందు ఇత్తడి పళ్ళెంలో పెట్టి ఉంచారు. పసుపు, కుంకుమ, దీపావళికి పాలాభిషేకం. కుంకుమ తుడిచి మా చేతికిచ్చారు.

"కుండలో వాటిలాంటిదేనా సాయిబు గారూ?"

అలాంటిదే. ఉంగరం అతికించిన చోట అంచు అరిగింది. అక్షరాలు మాత్రం బాగున్నాయి.

"ఆ రోజు ఆ గుమాస్తా మిమ్మల్ని చదవనివ్వలేదు. ఇప్పుడు మొత్తం చదవండి. ఇది మా అమ్మది. ఏముందో నాకు తెలవాలి."

చదివాం. శుభ నాణెం, గాజీ పాదుషా అజీజుద్దీన్ ముహమ్మద్ ఆలంగీర్, 1172. తిరగేసి, ఆర్కాటు ముద్ర, శుభప్రదమైన ఏలుబడి ఆరో సంవత్సరం. ఫార్సీలో ఒకసారి, తెలుగులో ఒకసారి. ఇది ఇంగ్లీషువాళ్ళు కొట్టించినదనీ, ఆ పాదుషా అప్పటికే పోయాడనీ కూడా చెప్పాం. పెద్దాయన కళ్ళు మూసుకుని విన్నారు. మంత్రం విన్నట్టు విన్నారు.

"శుభం అని ఉందన్నారు గదా, ఎక్కడుంది?"

ముబారక్ అన్న మాట మీద వేలు పెట్టి చూపించాం. ఆయన కళ్ళజోడు సవరించుకుని, వంగి, సరిగ్గా ఆ అక్షరాల మీదే మళ్ళీ బొట్టు పెట్టారు.